స్లీవ్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు: వాంతులు, జుట్టు ఊడటం, మానేసిన మాత్రలు

ప్రశ్న సారాంశం: మాది గుంటూరు, నాకు 33 ఏళ్లు. జనవరిలో విజయవాడలో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 88కి వచ్చాను. మూడు వారాలుగా ముల్లు కదలడం లేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఆకలన్నదే లేదు, రోజుకు రెండు పూటలే తింటున్నాను. అన్నం తింటే గుండెల దగ్గర పట్టేసి వాంతవుతోంది. పది రోజులుగా రోజూ ఇదే. ఒంట్లో బాగానే ఉంది కదా అని విటమిన్ మాత్రలు నెల కిందటే మానేశాను, థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకుంటున్నాను. ఇంత తిండితో మనిషి ఎలా బతుకుతుందని మా అత్తగారు ఒకటే బాధపడుతున్నారు. పీసీఓడీ (అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంది, పిల్లల కోసమే ఈ ఆపరేషన్‌కు సిద్ధపడ్డాం. ఎప్పుడు ప్రయత్నించవచ్చు?

అమ్మా, నేను విజయవాడలో డైటీషియన్‌ని. ఈ ఆపరేషన్ అయినవాళ్ల తిండీ మాత్రలూ చూడటమే చాలా ఏళ్లుగా నా పని. మీరు జుట్టు గురించే ఎక్కువ రాశారు. నేను మాత్రం వాంతుల దగ్గర మొదలుపెడతాను. మీరు చెప్పినవాటిలో ఇంకా నాన్చకూడనిది అదొక్కటే.

పది రోజులుగా రోజూ వాంతి. నెల రోజులుగా మాత్రలు లేవు. ఈ రెండూ కలిస్తే ముందుగా అడుగంటేది బి1 విటమిన్, అంటే థయామిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది తగ్గితే దెబ్బ నరాల మీదా మెదడు మీదా పడుతుంది. వస్తువులు రెండుగా కనిపించడం, నడుస్తుంటే తూలడం, మాట్లాడుతూ మాట్లాడుతూ తికమకపడటం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు దాని గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి మీవారిని వెంటబెట్టుకుని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏవీ లేకపోతే సంతోషం, కానీ రేపు పొద్దున్నే మీ సర్జన్‌కు ఫోన్ చేసి వాంతుల సంగతి చెప్పండి. నాలుగో నెలలో రోజూ వాంతి కావడం మామూలు విషయం కాదు. చాలామందిలో కారణం తినే తీరే. కొందరిలో మాత్రం స్లీవ్ గొట్టం ఒకచోట సన్నబడి ఉంటుంది. అది ఎండోస్కోపీలోనో బేరియం ఎక్స్‌రేలోనో తెలుస్తుంది, దానికి వైద్యమూ ఉంది. ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగింది కాదు.

ఇంకో మాట, మన ఊళ్ల అలవాటు తెలుసు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నీరసంగా ఉందనగానే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుంటాం. మీరు ఆ పని చేయకండి. థయామిన్ తక్కువగా ఉన్న ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త థయామిన్ కూడా ఆ గ్లూకోజ్‌ను వాడుకోవడానికే ఖర్చయి, మెదడుకు జరిగే హాని ఇంకా పెరగవచ్చు. సెలైన్ పెట్టాల్సి వస్తే ముందు థయామిన్ ఇంజెక్షన్ పడాలి. ఎక్కడికి వెళ్లినా, ఎవరు చూసినా, "నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి, థయామిన్ ఇచ్చాకే గ్లూకోజ్" అని చెప్పండి. ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. మీరు చెప్పలేని స్థితిలో ఉన్నా చీటీ చెబుతుంది. మీవారికీ అత్తగారికీ కూడా ఈ ముక్క తెలిసి ఉండాలి.

ఇక ఆకలి. మీ ప్రశ్న మొత్తానికీ మూలం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. స్లీవ్‌లో పొట్టలో నూటికి 75 నుంచి 80 వంతులు కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఒక సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది పొట్ట పై భాగంలోనే, తీసేసేదీ ఆ భాగాన్నే. అందుకే మీకు ఆకలి లేదు. అంతేగానీ ఒంటికి తిండి అవసరం తగ్గిపోయిందని కాదు. కండకూ నెత్తుటికీ జుట్టుకూ కావలసినవి ముందెంత కావాలో ఇప్పుడూ దాదాపు అంతే కావాలి. ఆకలి వేయలేదు కాబట్టి తినలేదు అన్నది వేరేవాళ్ల విషయంలో సరైన లెక్కే కావచ్చు, మీకు పనికిరాదు. గడియారం చూసి తినాలి. రోజుకు మూడు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండిగా ప్రొటీన్ ఉన్నదేదైనా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఈ మొదటి ఏడాదిలో పడిన అలవాటే తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది. ఎలాగో కింద చెబుతాను.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. రెండు పూటల్లో నాలుగేసి ముద్దల అన్నం, పప్పుచారు తింటే మీకు అందులో మూడో వంతు కూడా అందదు. కప్పు అన్నంలో ఉండే ప్రొటీన్ నాలుగైదు గ్రాములే, మీరు ఆ కప్పూ తినలేరు. అందుకని కంచంలో వరస మార్చాలి. ముందు గుడ్డో చేపో చికెనో పనీరో, తర్వాత కూర, చోటుంటే చివర్లో రెండు మూడు చెంచాల అన్నం. చోటు లేకపోతే అన్నం మానేయండి, ఏ నష్టమూ లేదు. అన్నం తినని పూట భోజనం చేసినట్టే ఉండదని మనవాళ్లకు అనిపిస్తుంది, ఆ బాధ నిజమే. కొన్నాళ్లు పెరుగన్నం రెండు చెంచాలు చివర్లో ఉంచుకోండి, తృప్తిగా ఉంటుంది.

మన దగ్గర దొరికేవాటితో ఒక రోజు ఎలా ఉండొచ్చో చెబుతాను. పొద్దున రెండు గుడ్లు, అంటే 12 గ్రాములు. పదకొండింటికి గ్లాసు పాలలో ఒక స్కూప్ ప్రొటీన్ పౌడర్, పాలతో కలిపి 25 నుంచి 30. మధ్యాహ్నం చిన్న చేప ముక్కలు రెండు, ఓ 15. శీలావతి, కొరమీను మెత్తగా ఉంటాయి, పులుసులో ఉడికితే ఇంకా సులువుగా దిగుతాయి. వేపుడు వద్దు. సాయంత్రం ఒక పలచటి పెసరట్టు, 6 లేదా 7 గ్రాములు. ఉప్మా పెట్టకుండా, నూనె తగ్గించి కాల్చండి. రాత్రి పనీర్ 50 గ్రాములు, కాస్త పెరుగు, కలిపి 10 పైన. 70 దాకా వచ్చేసింది చూడండి, ఇందులో ఏదీ పొట్ట పట్టనంత లేదు. మాంసం తినని రోజుల్లో మీల్‌మేకర్ బాగా ఉడకబెట్టి మెత్తగా చేసుకోండి, అందులో ప్రొటీన్ చాలా ఎక్కువ. ఉలవచారు బలమని చాలామంది అడుగుతారు. చారు మంచిదే, కానీ అది ఉలవలు ఉడికిన నీళ్లు. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. మీక్కావలసింది ఉలవ గుగ్గిళ్లు, మెత్తగా ఉడికించి, బాగా నమిలి. అది కూడా వాంతులు పూర్తిగా తగ్గాకే.

అన్నం ఎందుకు పట్టేస్తోందంటే, సరిగ్గా నమలని అన్నం ముద్దగా అతుక్కుని ఆ సన్నటి గొట్టం మొదట్లో ఆగిపోతుంది. బ్రెడ్డు, మైదా పరోటా, పొడిగా ఉన్న చికెన్ బ్రెస్టు కూడా ఇంతే. మనం చేత్తో కలుపుకుని పెట్టుకునే ముద్ద మామూలు పొట్టకు సరిపోయే ముద్ద. కొన్ని నెలలు చిన్న చెంచాతో తినండి. నోట్లో పెట్టుకున్నది పాయసమంత పలచన అయ్యేదాకా నమలండి, ఆ తర్వాతే మింగండి. ఒక్కో పూటకు 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. టీవీ సీరియల్ చూస్తూ తింటే ఇది జరగదు. నిండినట్టు అనిపించిన క్షణంలో ఆపేయాలి, ఇంకొక్క ముద్దే కదా అనుకున్నదే వాంతి తెస్తుంది. కొందరికి నిండటం పొట్టలో తెలియదు. ముక్కు కారడం, ఎక్కిళ్లు, ఒక్కసారిగా నిట్టూర్పు రావడం, ఇలాంటి గుర్తులుంటాయి. మీదేమిటో గమనించుకోండి.

నీళ్లు భోజనంతో తాగకండి. తినడానికి అరగంట ముందు ఆపేసి, తిన్నాక అరగంట ఆగి మొదలుపెట్టండి. గొంతులో పట్టేసిందని వెంటనే నీళ్లు తాగి దింపాలని చూస్తారు, దానివల్లే చాలాసార్లు వాంతవుతుంది. లేచి నెమ్మదిగా నడవండి, కాసేపటికి దానంతటదే దిగుతుంది. దిగకుండా, లాలాజలం కూడా మింగలేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

రోజు మొత్తానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి. ఇది మే నెల. విజయవాడ, గుంటూరుల్లో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, రోహిణి కార్తె ఇంకా ముందుంది. మామూలువాళ్లయితే దాహమేసినప్పుడు ఒక చెంబు ఎత్తి తాగేస్తారు. మీరు ఇప్పుడలా తాగలేరు, అందుకే దాహమేసే దాకా ఆగకూడదు. సీసా పక్కన పెట్టుకుని పది నిమిషాలకు రెండు గుక్కలు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, చక్కెర వేయని నిమ్మకాయ నీళ్లు, రోజుకో కొబ్బరిబొండం బాగుంటాయి. చెరకు రసం, బాదం పాలు, షాపుల్లో అమ్మే మామిడి జ్యూసు వద్దు. గోలీ సోడా, కూల్‌డ్రింకులూ వద్దే వద్దు, గ్యాసు ఆ చిన్న పొట్టను నొప్పితో ఉబ్బిస్తుంది. మూత్రం ముదురు పసుపు రంగులో ఉందంటే నీళ్లు చాలలేదని లెక్క. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, రోజంతా మూత్రం సరిగా రాకపోయినా సొంత వైద్యం వద్దు. ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి ఒంట్లో నీరు తగ్గడం చాలా తరచుగా కనిపించే కారణం. మా దగ్గర ఎండాకాలంలో ఇలాంటి ఫోన్లు ఎక్కువవుతాయి.

మాత్రల సంగతికి వస్తాను. "స్లీవే కదా, బైపాస్ కాదు కదా, విటమిన్లు అక్కర్లేదు" అని మీకెవరైనా చెప్పి ఉండవచ్చు. ఈ మాట నేను తరచూ వింటాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఈ బైపాస్ గుండెకు చేసేది కాదు, బరువు తగ్గించే ఇంకో ఆపరేషన్. అందులో పేగు దారి కూడా మారుతుంది కాబట్టి లోపాలు ఇంకా ఎక్కువ, నిజమే. కానీ స్లీవ్ అయినవాళ్లకూ మాత్రలు జీవితాంతం ఉంటాయి. బి12నే చూడండి. అది ఒంటికి పట్టాలంటే పొట్ట గోడలో తయారయ్యే ఒక పదార్థం సాయం కావాలి. ఆ గోడలో పెద్ద భాగం ఇప్పుడు లేదు. కాలేయంలో పాత నిల్వ ఉంటుంది కాబట్టి ఏడాది, రెండేళ్లు ఏమీ తెలియదు. తెలిసేటప్పటికి కాళ్లు మొద్దుబారి ఉంటాయి, నరాలకు జరిగిన నష్టం కొందరిలో పూర్తిగా వెనక్కి రాదు. "ఒంట్లో బాగానే ఉంది" అని మాత్రలు ఆపడానికి వీల్లేదని చెప్పేది అందుకే. లోపం బయటపడేనాటికే ఆలస్యం అయిపోతుంది.

మామూలుగా రాసేవి ఇవి: అన్ని విటమిన్లూ ఖనిజాలూ ఉన్న మల్టీవిటమిన్ రోజూ. బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదంటే నెలకో ఇంజెక్షన్. నెలసరి వచ్చే ఆడవాళ్లకు ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం తిండిలోదీ కలిపి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా 500 చొప్పున విడదీసి. డి3 రోజుకు 3000 యూనిట్లు, లేదా రక్తపరీక్ష చూసి మీ డాక్టరు రాసినంత. 60,000 యూనిట్ల డి3 సాచెట్ వారానికొకటి మంచిదని ఎవరో చెప్పారని నెలల తరబడి తాగకండి, అది ఎక్కువైనా ప్రమాదమే. కాల్షియం అడిగితే మెడికల్ షాపుల్లో ఎక్కువగా కార్బొనేట్ ఇస్తారు. దానికి పొట్టలో ఆమ్లం కావాలి, మీకిప్పుడు ఆమ్లం తక్కువ. స్ట్రిప్ తిప్పి సిట్రేట్ అని ఉందో లేదో చూసి కొనండి.

వేళలు కూడా ముఖ్యం, ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. టీతో, టీ తాగిన వెంటనే ఐరన్ వేసుకోకండి, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుంటున్నారు కదా, దానికీ ఐరన్, కాల్షియంలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాబట్టి పొద్దున లేవగానే థైరాయిడ్ మాత్ర, గుడ్లు తిన్నాక మల్టీవిటమిన్. అందులో ఐరన్, కాల్షియం ఉంటే దాన్ని సాయంత్రానికి మార్చండి. పన్నెండింటికి ఒక కాల్షియం, నాలుగింటికి ఐరన్, రాత్రి ఇంకో కాల్షియం. బరువు తగ్గినకొద్దీ థైరాయిడ్ మోతాదు మారవచ్చు, 24 కిలోలు తగ్గారు కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష ఇప్పుడే చేయించుకోవాలి. మీకు షుగరు, బీపీ లేవనుకుంటాను. ఇది చదివేవాళ్లలో ఉన్నవాళ్లుంటే, ఆపరేషన్‌కు ముందున్న మోతాదులోనే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వాడుతూ పోకండి. షుగరు, బీపీ మరీ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

మోకాళ్ల నొప్పికో నడుం నొప్పికో షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మానేయండి. బైపాస్ అయినవాళ్లు వాటి జోలికే పోకూడదు, కుట్టు దగ్గర పుండు పడుతుంది. మీరు కూడా డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది.

ఇప్పుడు జుట్టు. పెద్ద ఆపరేషన్, త్వరత్వరగా తగ్గిన బరువు, ఈ రెండూ ఒంటికి పెద్ద కుదుపు. ఆ కుదుపుకు చాలా వెంట్రుకలు ఒకేసారి ఎదగడం మానేసి, మూడో నెల నుంచి రాలడం మొదలవుతుంది. ఇది ఆరేడు నెలల దాకా సాగి ఆగుతుంది, కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి కొత్త జుట్టు వస్తుంది. ఇంతవరకూ మామూలే, భయం వద్దు. ప్రొటీన్, ఐరన్, జింక్ చాలకపోతే మాత్రం రాలడం ఆగదు, మీ విషయంలో నా అనుమానం అదే. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోండి. బయోటిన్ మాత్రల మీద డబ్బు పోయకండి, లోపం లేనివాళ్లకు వాటివల్ల పెద్ద లాభం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపిస్తుంది. ఇప్పటికే వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పండి.

ముల్లు కదలకపోవడం గురించి దిగులు పడకండి. బరువు మెట్లు మెట్లుగా దిగుతుంది, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ కదులుతుంది. నాలుగు నెలల్లో 24 కిలోలంటే మొదటి బరువులో ఐదో వంతు పైనే, చక్కగా తగ్గారు. వారానికి ఒక్కసారే తూకం చూసుకోండి, నెలకోసారి నడుమూ తొడా టేపుతో కొలవండి. ఆగిందని తిండి ఇంకా తగ్గించడం మాత్రం చేయకండి. తిండి తగ్గిస్తే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. కండ నిలవాలంటే ప్రొటీన్‌తో పాటు కండకు పని చెప్పాలి. గుంటూరులో మీకు బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం ఉంది, తెల్లవారుజామున ఎంతమంది నడుస్తుంటారో మీకు తెలియంది కాదు. ఎండ ఎక్కకముందే అరగంట నడవండి. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు, రెండు నీళ్ల సీసాలు పట్టుకుని చేతుల వ్యాయామం. వాంతులు తగ్గి తిండి కుదుటపడ్డాకే ఇవన్నీ మొదలుపెట్టండి.

బరువు ఇంత వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావడం మామూలే. మొదటి ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మాత్ర రాసేది దానికే, మీరు మానేసినవాటిలో అదీ ఉండి ఉంటుంది, చూసుకోండి. కుడివైపు డొక్క కింద నొప్పి వచ్చి భుజం దాకా లాగుతుంటే స్కానింగ్ చేయించాలి. గ్యాసు నొప్పి అనుకుని సర్దుకుపోవద్దు.

మీ అత్తగారి మాట. ఆవిడ బాధలో ప్రేమ ఉంది, ఆ ప్రేమ మనకు తెలిసిన ఒకే దారిలో, కొసరి కొసరి వడ్డించడంలో బయటికొస్తోంది. వద్దు వద్దని రోజూ పోట్లాడేకంటే ఆవిడను మీ వైపు తెచ్చుకోండి. వచ్చే రివ్యూకి వెంటబెట్టుకు రండి. ఆవిడ ముందే డైటీషియన్ చేత చెప్పించండి. నా అనుభవంలో పెద్దవాళ్లకు "తక్కువ పెట్టండి" అంటే ఎక్కదు, "రోజుకు ఇన్ని గ్రాముల ప్రొటీన్ మీ కోడలికి పట్టించే బాధ్యత మీది" అంటే అంత శ్రద్ధగా చూసేవాళ్లు మరొకరుండరు. చేప ముళ్లు తీసి మెత్తగా వండటం, పదకొండింటికి పాలు కలిపి చేతికివ్వడం ఆవిడ పనే అవుతుంది.

బయట మాత్రం "ఇంతలా చిక్కిపోయావేంటి, షుగరొచ్చిందా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పనక్కర్లేదో పూర్తిగా మీ ఇష్టం. "డాక్టర్ల పర్యవేక్షణలో తగ్గాను" అంటే చాలు, అబద్ధమూ కాదు. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుంటే విస్తరిలో ఆగకుండా వేస్తూనే ఉంటారు, అందుకని బఫే ఉంటే అటు వెళ్లండి. ఇంట్లో ప్రొటీన్ తిని బయల్దేరండి. అక్కడ ఒక కూర, నాలుగు చెంచాల పెరుగన్నం తీసుకుని అందరితో కూర్చోండి. తీపి ముందు వద్దు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగితే అరగంటలోపే గుండె దడ, చెమటలు, విరేచనం పట్టుకుంటాయి, దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ అయినవాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ కొందరికి వస్తుంది. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగరు పడిపోయి వణుకు వస్తుంది. కార్తీక మాసంలో ఉపవాసాలనీ, భవానీ దీక్షకో అయ్యప్ప దీక్షకో ఒంటిపూట భోజనమనీ అనుకుంటే కనీసం ఈ ఏడాది ఆగండి. మీరు ఒక పూటలో రోజంతటి ప్రొటీన్ తినలేరు. అమ్మవారికి దణ్ణం పెట్టుకోవడానికి ఖాళీ కడుపు అక్కర్లేదు.

ఆకలి గురించి పైన సగంలో ఆపాను. అది తిరిగొస్తుంది. ఏడాది, ఏడాదిన్నర తర్వాత చాలామందికి మెల్లగా ఆకలి వేస్తుంది, కాస్త ఎక్కువ పడుతుంది. అప్పుడు "నా స్లీవ్ సాగిపోయింది, ఆపరేషన్ ఫెయిలైంది" అని భయపడి చాలామంది మా దగ్గరికి రావడమే మానేస్తారు. అది ఫెయిలవడం కాదు, జరగాల్సినదే. బరువు మళ్లీ పెరగడం ఎక్కువగా మొదలయ్యేది నోట్లో ఇట్టే కరిగి జారిపోయే తిండితో. ఐస్‌క్రీమ్, మిక్చరు, చల్ల జంతికలు, పూతరేకులు, తీపి కాఫీ. కోడి ముక్క నాలుగు చెంచాలకే నిండే పొట్ట వీటిని ఎంతైనా పోనిస్తుంది. సాయంత్రం టీతో గుప్పెడు మిక్చరు అనుకున్నది ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా సాగుతుంది. గడియారం చూసి ప్రొటీన్ తినే అలవాటు ఈ ఏడాదిలో గట్టిపడినవాళ్లు ఆకలి వచ్చినా తట్టుకుంటారు. ఒకవేళ నాలుగైదు కిలోలు పెరిగితే సిగ్గుపడి దాక్కోకండి, అప్పుడే రండి, అప్పుడు సులువు. తిండితో మరిచిపోయే దిగులు ఇప్పుడు మరిచిపోయే దారి లేక పైకి రావడం కూడా చూస్తుంటాను. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది కూడా వైద్యం చేయించుకోవాల్సిన సంగతే. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

రక్తపరీక్షలు మూడో నెలలో జరగాల్సింది, మీరు రాయలేదు కాబట్టి జరగలేదనుకుంటున్నాను. ఇప్పుడు చేయించండి, తర్వాత ఆరో నెల, పన్నెండో నెల, ఆపైన ఏడాదికోసారి. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, లివర్, కిడ్నీ, టీఎస్‌హెచ్. రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టండి.

చివరగా మీ అసలు కోరిక. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం వద్దంటారు. బరువు వేగంగా తగ్గుతున్న సమయంలో తల్లికే అన్నీ చాలవు, బిడ్డకు ఎక్కడి నుంచి వస్తాయి? అంటే వచ్చే జనవరికి ముందు ప్రయత్నం వద్దు, ఆ తర్వాత కూడా రక్తపరీక్షలు బాగున్నాయని చూసుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాకే. కానీ ఇక్కడొక జాగ్రత్త. పీసీఓడీ ఉన్నవాళ్లకు బరువు తగ్గుతుండగానే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి రానిది ఇప్పుడెలా వస్తుందిలే అనుకుంటారు, అనుకోకుండానే వచ్చేస్తుంది. కాబట్టి ఇప్పటి నుంచి గర్భనిరోధం తప్పనిసరి. వాంతులవుతున్నప్పుడు గర్భనిరోధక మాత్ర మీద ఆధారపడలేరు, గైనకాలజిస్టుతో మాట్లాడి వేరే పద్ధతి ఎంచుకోండి. నెలసరి ఏమాత్రం తప్పినా ఇంట్లోనే టెస్టు చేసుకోండి. మీ వాంతులకు అదే కారణం కాదని తేల్చుకోవడానికి రేపే ఒకసారి చేసుకోవడం మంచిది. గర్భం వచ్చాక ఆరో నెల ప్రాంతంలో అందరిచేతా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి షుగరు చూస్తారు. మీకు ఆ గ్లూకోజ్ డంపింగ్ తెప్పించవచ్చు, దాని బదులు వారం రోజులు ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకునే పద్ధతి ఉంది. ఆపరేషన్ సంగతి మొదటి విజిట్‌లోనే చెప్పి, ఆ పరీక్ష గురించి ముందే అడిగి పెట్టుకోండి.